కలిసి తిన్న ఊరి పద్దు

మన సభల్లో కిబుట్జ్ అనే మాట ఎప్పుడో ఒకప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. సంఘ వ్యవసాయం గురించో, అటవీ హక్కుల చట్టం కింద ఊరుమ్మడి హక్కు పత్రాల గురించో మాట్లాడుతున్నప్పుడు ఎవరో ఒకరు లేస్తారు. "ఇజ్రాయెల్‌లో కిబుట్జ్‌లున్నాయి, అందరూ కలిసి పని చేస్తారు, కలిసి తింటారు, ఎవరికీ సొంత ఆస్తి ఉండదు, అచ్చం మన పాత గూడేల లాగానే" అంటారు. చప్పట్లు పడతాయి. వినడానికి బాగానే ఉంటుంది. కానీ నేను పిల్లలకు లెక్కలు చెప్పే పంతులమ్మను. ఆ ఊరి పద్దు పుస్తకం ఎలా ఉంటుందో చూడాలనిపించింది. డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? నేల ఎవరిది? పని ఎగ్గొట్టేవాణ్ణి ఏం చేశారు? పిల్లలు రాత్రిళ్ళు ఎక్కడ పడుకున్నారు? మూడు నాలుగేళ్ళుగా దొరికినంత చదివాను. అన్నిటికంటే మొదట పుట్టిన కిబుట్జ్ దెగానియా గురించి ఎక్కువ చదివాను. ఆ ఊరి కథ చెబుతాను. నాకు తోచింది కూడా మధ్య మధ్యలో చెబుతాను.

దెగానియా గలిలయ సరస్సు దక్షిణపు కొసన ఉంది. యొర్దాను నది సరస్సులోంచి బయటికి వచ్చే చోటు అది. మనలో చర్చికి వెళ్ళేవాళ్ళకు ఈ రెండు పేర్లూ చిన్నప్పటి నుంచి తెలిసినవే. సముద్ర మట్టానికి 200 మీటర్లకు పైగా కిందికి ఉన్న లోయ. ఎండలు మన భద్రాచలం ఎండల్లాంటివి. అప్పట్లో దోమలు, మలేరియా కూడా మన ఏజెన్సీ లాగే. 1910లో ఆ దేశం టర్కీ సుల్తాను ఏలుబడిలో ఉంది, పేరు పాలస్తీనా. అక్కడికి రష్యా నుంచి యూదు పిల్లలు వస్తున్నారు. పిల్లలు అని ఎందుకంటున్నానంటే చాలామందికి ఇరవై ఏళ్ళు అటూ ఇటూ. రష్యాలో యూదుల ఇళ్ళ మీద దాడులు జరిగేవి, చంపేవారు. ఆ భయం ఒకటి, మన దేశం మనకు కావాలన్న పట్టుదల ఒకటి, వాళ్ళను తరిమాయి. దుకాణదారుల కొడుకులు, మత గ్రంథాలు చదివే ఇళ్ళ బిడ్డలు. నాగలి పట్టిన చేతులు కావు.

1908లో సరస్సు ఒడ్డున కిన్నెరెత్ అనే చోట వీళ్ళకు సేద్యం నేర్పడానికి ఒక వ్యవసాయ క్షేత్రం పెట్టారు. పెట్టింది యూదుల సొంత దేశం కోసం పనిచేసే జియోనిస్టు సంస్థ. యాఫా పట్నంలో ఉన్న ఆ సంస్థ ఆఫీసుకు ఆర్థర్ రుప్పిన్ అనే ఆయన పెద్ద. క్షేత్రానికి ఒక మేనేజరు ఉండేవాడు. కూలీలకూ ఆయనకూ పడలేదు, 1909లో సమ్మె అయింది. అప్పుడు రుప్పిన్, దగ్గర్లోనే ఉన్న ఉమ్మ్ జూనీ అనే చోట కొంత భూమిని ఆరుగురు కూలీల చేతికిచ్చి, మేనేజరు లేకుండా ఒక ఏడాది మీరే చేసి చూపించండి అన్నాడు. నెల నెలా కొంత జీతం, మిగిలితే మిగులులో సగం. ఏడాది తిరిగేసరికి నిజంగానే మిగిలింది. 1910 అక్టోబరు 28న అదే భూమిలోకి హదేరా అనే ఊరి నుంచి ఇంకో జట్టు వచ్చింది. పది మంది మగవాళ్ళు, ఇద్దరు ఆడవాళ్ళు. ఉమ్మ్ జూనీలో ఉన్న మట్టి ఇళ్ళలో దిగారు. ధాన్యానికి వాళ్ళ భాషలో దగాన్ అంటారు, దాన్నిబట్టి ఊరికి దెగానియా అని పేరు పెట్టుకున్నారు. రెండేళ్ళ తర్వాత నది మొదట్లో రాతి ఇళ్ళు కట్టుకుని అక్కడికి మారారు.

ఆ ఇద్దరు ఆడవాళ్ళలో ఒకామె మిరియం బరత్జ్. సమానత్వం అని వచ్చిన జట్టే, కానీ మొదటి రోజు నుంచే ఆడవాళ్ళకు వంట, బట్టలుతకడం ఒప్పజెప్పారు. మిరియం ఒప్పుకోలేదు. ఆవులు నాకివ్వండి, పాలు నేను పిండుతానంది. నీకు రాదు పొమ్మన్నారు. ఆమె పక్కనే ఉన్న అరబ్బుల దగ్గరికి వెళ్ళి పాలు పిండడం నేర్చుకుని వచ్చింది. తర్వాత ఆ ఊరి పాడి ఆమె చేతి మీదుగానే నడిచింది. కిబుట్జ్ కథ చెప్పేవాళ్ళు దీన్ని ముచ్చటగా చెబుతారు. నాకు రెండు సంగతులు కనబడ్డాయి. ఒకటి, తీర్మానం రాసుకున్నంత మాత్రాన సమానత్వం వంటింటి దాకా రాలేదు. రెండోది, ఆమెకు ఆ పని నేర్పిన చేతులు పక్క ఊరివి. ఆ చేతుల పేర్లు పుస్తకాల్లో లేవు.

ఇక పద్దు సంగతికి వస్తాను. దెగానియాలో ఎవరికీ విడిగా జీతం లేదు. పంట అమ్మినా, పాలు అమ్మినా, ఎవరైనా బయట పని చేసి సంపాదించినా మొత్తం ఒకే పెట్టెలోకి వెళ్ళేది. ఖర్చు కూడా ఆ పెట్టెలోంచే. తిండి ఒకే భోజనశాలలో. బట్టలు ఒకే కొట్టులో. ఉతికే చోటూ ఒకటే, ఎవరి బట్ట ఎవరిదో తెలియడానికి దాని మీద నంబరు కుట్టేవారు. ఇల్లు, వైద్యం, చదువు ఊరిదే బాధ్యత. ముసలితనం కూడా. చేతి ఖర్చుకు మాత్రం ఏడాదికి కాస్త డబ్బు ఇచ్చేవారు. ట్రాక్టరు నడిపేవాడికీ, గిన్నెలు తోమేవాడికీ, ఊరి కార్యదర్శికీ అదే. రోజూ ఎవరు ఏ పనికి వెళ్ళాలో పనులు పంచే మనిషి ఒకరు పలక మీద రాసేవాడు. ఆ పదవీ, కార్యదర్శి పదవీ, కోశాధికారి పదవీ చేతులు మారుతూ ఉండేవి. పెద్ద విషయాలు సభ్యులందరి సభలో తేలాలి. గొడవలు కూడా అక్కడే. ఒక దశలో చాలా కిబుట్జ్‌లలో పెద్ద గొడవ దేని మీదంటే, టీ కాచుకునే కెటిల్ మీద. ఎవరి గదిలో వాళ్ళు టీ కాచుకుంటే భోజనశాలకు వచ్చేదెవరు అని. నవ్వు వస్తుంది గాని, తర్వాత జరిగింది చూస్తే ఆ భయం ఉత్తదేమీ కాదు.

1950లలో ఇంకో చిక్కు వచ్చింది. హిట్లరు చేతిలో నష్టపోయిన యూదులకు జర్మనీ పరిహారం ఇవ్వడం మొదలుపెట్టింది. కిబుట్జ్ సభ్యుల్లో కొందరికి ఆ డబ్బు వాళ్ళ వాళ్ళ పేర్ల మీద వచ్చింది. చచ్చిపోయిన అమ్మానాన్నల పేరిట వచ్చిన డబ్బు అది. దాన్ని కూడా ఊరి పెట్టెలో వేయాలా? కొందరు వేశారు, కొందరు ఊరు విడిచి వెళ్ళారు, కొన్ని ఊళ్ళు కొంత మీరు ఉంచుకోండి అని సర్దుకున్నాయి. ముంపు పరిహారం చూసిన మన ఊళ్ళకు ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. అప్పటి దాకా ఒక్క పొయ్యి మీద వండుకున్న అన్నదమ్ములు చెక్కు వచ్చిన వారానికి మాట్లాడుకోవడం మానేశారు మా దగ్గర.

మా తమ్ముడికి 2023లో పోడు పట్టా వచ్చింది. నేను ఈ చదివినవి చెబుతుంటే వాడు అడిగిన మొదటి ప్రశ్న, "అక్కా, అందరికీ ఒకటే తిండైతే పని ఎవడు చేస్తడే?" అని. ప్రపంచంలో కిబుట్జ్ గురించి విన్న ప్రతివాడూ అడిగే ప్రశ్నే అది. జవాబు కొంత ఆ భోజనశాలలోనే ఉంది. పొద్దున పనికి రానివాడు మధ్యాహ్నం అందరి ముందూ కూర్చుని తినాలి. వంద కళ్ళు చూస్తుంటాయి. పోలీసు అక్కర్లేదు, జరిమానా అక్కర్లేదు. మా గూడెంలో వేట మాంసం పోగులు వేసినప్పుడు కూడా అంతే. వేటకు రాలేని ముసలమ్మకు పోగు ఇవ్వడానికి ఎవరూ మారు మాట్లాడరు. ఒళ్ళు దాచుకుని ఇంట్లో పడుకున్న పిల్లగానికీ పోగు ఇస్తారు, కానీ ఇచ్చేటప్పుడు అనే మాట వాడు మరుసటేడు దాకా మరిచిపోడు. అయితే ఈ పద్ధతి ఒకరి ముఖం ఒకరికి తెలిసినంత వరకే పనిచేస్తుంది. దెగానియా వాళ్ళకు ఇది ముందే తెలుసు. వాళ్ళలో యోసెఫ్ బుస్సెల్ అనే యువకుడు అన్ని తీర్మానాల వెనకా ఉండేవాడు. 1919లో ఆ సరస్సులోనే మునిగి చనిపోయాడు. జట్టు ఇల్లులా చిన్నగా ఉండాలన్నది వాళ్ళ పట్టుదల. జనం పెరిగితే 1920లో భూమి విడదీసి పక్కనే రెండో దెగానియా పెట్టారు. పొయ్యి నిండితే ఇంకో పొయ్యి వేయడం మనకు కొత్త కాదు. 1921లో ఐన్ హరోద్ పెట్టినవాళ్ళు మాత్రం వేరే దారి పట్టారు. ఎంతమంది వస్తే అంతమందిని చేర్చుకుందాం, పొలంతో పాటు పరిశ్రమ కూడా పెడదాం అన్నారు. ఎక్కువ ఊళ్ళు తర్వాత అదే దారిన వెళ్ళాయి.

అందరికీ ఈ బతుకు నచ్చిందనుకోకండి. దెగానియాలో మొదటి బిడ్డ 1913లో పుట్టాడు, మిరియం కొడుకు. రెండో బిడ్డ 1915లో పుట్టిన మోషే దయాన్, తర్వాత ఆ దేశ రక్షణ మంత్రి అయ్యాడు. వాడికి ఆరేళ్ళు వచ్చేసరికి అమ్మానాన్నలు దెగానియా వదిలి నహలాల్ అనే కొత్త ఊరికి వెళ్ళిపోయారు. అక్కడ ఎవరి చెలక వాళ్ళది, ఎవరి పొయ్యి వాళ్ళది. కొనడం, అమ్మడం మాత్రం సంఘం ద్వారా. అట్లాంటి ఊరిని మొషావ్ అంటారు. మా తమ్ముడికి ఇది బాగా నచ్చింది.

పిల్లల విషయంలో నేను కాసేపు ఆగాలి. దెగానియాలో మొదటి బిడ్డ పుట్టగానే పెద్ద చర్చ జరిగింది. బిడ్డ ఖర్చు ఎవరిది? తల్లి పనికి పోవాలంటే ఎవరు చూడాలి? ఖర్చు ఊరిదేనని తేల్చారు. అక్కడి దాకా నాకు నచ్చింది. కానీ తర్వాత పుట్టిన చాలా కిబుట్జ్‌లలో పిల్లల ఇల్లు అని విడిగా కట్టారు. పసిబిడ్డ నుంచి అందరూ అక్కడే తిని, అక్కడే పడుకునేవారు. చూసుకోవడానికి ఆయమ్మలు ఉండేవారు. సాయంత్రం పని అయ్యాక రెండు మూడు గంటలు అమ్మానాన్నల దగ్గర, రాత్రి మళ్ళీ ఆ ఇంటికి. తల్లి ఇంటి చాకిరీ నుంచి బయటపడుతుంది, పిల్లలు స్వార్థం లేకుండా పెరుగుతారు అన్నది వాళ్ళ లెక్క. పెద్దయ్యాక ఆ పిల్లల్లో చాలామంది ఆ రాత్రుల గురించి రాశారు. భయమేసి ఏడిస్తే వచ్చేది అమ్మ కాదు, ఆ రాత్రి కాపలా పని ఎవరి వంతైతే వాళ్ళు. తల్లులే ఎదురు తిరిగారు. 1970ల నుంచి ఒక్కొక్క ఊరూ పిల్లలను ఇంటికి తెచ్చుకోవడం మొదలుపెట్టింది, 1990ల చివరికి ఎక్కడా మిగలలేదు.

నేను ఆరేళ్ళప్పుడు ఆశ్రమ పాఠశాలకు వెళ్ళాను. మా ఊరి నుంచి నడక, తర్వాత బస్సు. చాప, దుప్పటి, రేకు పెట్టె. రాత్రి దీపం ఆర్పేశాక నలభై మందిమి ఒకరి ఏడుపు ఒకరం వింటూ పడుకునేవాళ్ళం. కోయలో ఏడిస్తే వార్డెనమ్మకు అర్థం అయ్యేది కాదు. ఆ చదువే నన్ను టీటీసీ దాకా తెచ్చింది, ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయిస్తున్నది, కాదనను. ఇప్పుడు జూన్‌లో తల్లులు పిల్లలను తెచ్చి నా చేతికిచ్చి వెనక్కి చూడకుండా వెళ్ళిపోతారు. చూస్తే పిల్ల వెంటబడుతుందని. ఎందుకు చెబుతున్నానంటే, కిబుట్జ్ తల్లులకు సభలో ఓటు ఉంది. పద్ధతి బాగాలేదని చేయెత్తి, పదిహేను ఇరవై ఏళ్ళలో మార్చుకున్నారు. మన పిల్లలు ఎక్కడ పడుకోవాలో మన గ్రామసభను ఎవరూ అడగలేదు. మా గూడెం కిబుట్జ్ లాంటిది కాదని నాకు మొదట తట్టింది ఇక్కడే.

సరే, పెట్టుబడి. వట్టి చేతులతో వచ్చి ఎడారిని తోట చేశారని ఒక మాట ప్రచారంలో ఉంది. చెమట వాళ్ళదే, అందులో అనుమానం లేదు. కానీ నేల కొనింది వాళ్ళు కాదు. 1901లో పెట్టిన యూదు జాతీయ నిధి అనే సంస్థ లోకంలోని యూదుల దగ్గర చందాలు పోగు చేసి భూములు కొనేది. ఇళ్ళకూ పశువులకూ పనిముట్లకూ 1920 నుంచి ఇంకో నిధి అప్పులిచ్చేది. గోధుమ, బార్లీతో మొదలుపెట్టి పాడికి, కోళ్ళకు, అరటికి, ఖర్జూరానికి వెళ్ళారు. నష్టం వచ్చిన ఏళ్ళు చాలా ఉన్నాయి. అప్పు ఇచ్చినవాడు తరుముకు రాలేదు, ఎందుకంటే అతనికి కావలసింది వడ్డీ కాదు, ఆ నేల మీద మనుషులు నిలబడటం. మన సహకార సంఘాలు మూతబడినప్పుడు, కిబుట్జ్ వాళ్ళను చూడండి అని అధికారులు ఉపన్యాసాలు ఇస్తుంటారు. అట్లాంటి ఓపికగల అప్పు మనకు ఎవరు ఇచ్చారు?

ఆ నిధి పెట్టుకున్న నియమం ఒకటి నన్ను ఆపేసింది. కొన్న భూమి ఎప్పటికీ అమ్మకూడదు. కిబుట్జ్‌కు కౌలుకు మాత్రమే ఇస్తారు, 49 ఏళ్ళకు, తర్వాత మళ్ళీ పొడిగిస్తారు. 1960లో ఆ దేశం ప్రభుత్వ భూములకూ అదే నియమం పెట్టి చట్టం చేసింది. అంటే దెగానియా వాళ్ళు ఎంత అప్పుల్లో ఉన్నా వాళ్ళ పొలం వేలానికి రాదు. చదువుతుంటే నాకు 1/70 గుర్తొచ్చింది. 1959లో చేసి 1970లో బిగించిన మన భూ బదలాయింపు నిబంధన. ఏజెన్సీలో గిరిజనేతరుడు భూమి కొనకూడదు, గిరిజనేతరుడి చేతిలో ఉన్నది కూడా గిరిజనుడికి తప్ప అమ్మకూడదు. 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వానికి కూడా అది వర్తిస్తుందని చెప్పింది. రెండు దేశాల్లో రెండు చట్టాలు, నేల బజారుకు రాకూడదనే రెండూ అంటున్నాయి. ఇంతవరకు పోలిక బాగుంది.

కానీ పోలిక ఇక్కడే తిరగబడుతుంది కూడా. మన చట్టం ముందు నుంచి ఉన్నవాణ్ణి వచ్చినవాడి నుంచి కాపాడటానికి పుట్టింది. వాళ్ళ నియమం వచ్చినవాణ్ణి నిలబెట్టడానికి పుట్టింది. ఆ నిధి కౌలు కాగితంలో యూదులు కానివాళ్ళను కూలికి పెట్టుకోకూడదన్న షరతు ఉండేది. మన పని మనమే చేసుకోవాలి, ఇంకొకరి చెమట మీద బతకకూడదు అన్నది దాని వెనక ఉన్న ఆదర్శం. మంచి ఆదర్శమే. ఆ భూమిలో అప్పటి దాకా కౌలుకో కూలికో చేసుకుంటున్న అరబ్బు రైతుకు మాత్రం ఆ ఆదర్శం తలుపు మూసింది. ఐన్ హరోద్, నహలాల్ ఉన్న లోయ భూమిలో ఎక్కువ భాగం బేరూత్‌లో ఉండే సుర్సుక్ అనే జమీందారీ కుటుంబానిది. వాళ్ళు అమ్మారు, నిధి కొన్నది. కాగితం సక్రమంగానే ఉంది. తరాలుగా దున్నుతున్న కౌలు రైతులు కొంత డబ్బు తీసుకుని లేచిపోవలసి వచ్చింది. మా తాతల భూములకు కూడా కాగితాలు సక్రమంగానే ఉన్నాయి, వేరేవాళ్ళ పేర్ల మీద.

ఇది చదివాక నేను రెండు పక్షాలూ చూశాను. ప్రాణభయంతో వచ్చినవాళ్ళు వాళ్ళు, అది అబద్ధం కాదు. ఐరోపాలో ఉండిపోయిన వాళ్ళ బంధువులు తర్వాత గ్యాసు గదుల్లో చచ్చారు. 1948 మేలో సిరియా సైన్యం దెగానియా మీదికి వచ్చినప్పుడు ఊరివాళ్ళే సీసా బాంబులతో నిలబడ్డారు. అప్పుడు ఆగిపోయిన ట్యాంకు ఒకటి ఇప్పటికీ అక్కడ ఉంది. ఆదివాసీని కాబట్టి నేను వాళ్ళ మట్టి ఇళ్ళ కష్టం అర్థం చేసుకోగలను. ఆ మట్టి ఇళ్ళు వాళ్ళకంటే ముందు ఎవరివో అడగకుండా మాత్రం ఉండలేను.

దేశం వచ్చాక పద్దు మారింది. 1950లలో మొరాకో నుంచి, ఇరాక్ నుంచి, యెమెన్ నుంచి పేద యూదులు లక్షల్లో వచ్చారు. వాళ్ళను సరిహద్దు పట్టణాల్లో దింపారు. కిబుట్జ్‌లు అప్పటికే ఫ్యాక్టరీలు పెడుతున్నాయి. ప్లాస్టిక్, ఆహారం, యంత్రాల సామాను. దెగానియా వాళ్ళు వజ్రపు పొడితో కోత పనిముట్లు తయారు చేశారు. ఫ్యాక్టరీకి చేతులు చాలక పక్క పట్టణాల వాళ్ళను కూలికి పెట్టుకున్నారు. కూలివాడు సభ్యుడు కాదు, అతనికి సభలో ఓటు లేదు, అతని పిల్లలు కిబుట్జ్ బడికి రారు. ఒకే ఫ్యాక్టరీలో ఒకరు యజమాని, ఒకరు కూలి. 1981లో ప్రధాని బెగిన్ కిబుట్జ్‌ల ఈత కొలనుల మీద ఎత్తిపొడుపు మాట అంటే ఆ పట్టణాల జనానికి బాగా తాకింది. సమానత్వాన్ని కంచె లోపల పెంచుకున్నవాళ్ళ మీద కంచె బయటివాళ్ళకు కోపం రావడం వింతేమీ కాదు.

ఫ్యాక్టరీల మాట వచ్చింది కాబట్టి, మన దాకా వచ్చిన ఒకటి చెప్పాలి. సింహా బ్లాస్ అనే నీళ్ళ ఇంజనీరు, కారుతున్న పైపు పక్కన ఒక చెట్టు మాత్రం మిగతా వాటికంటే ఏపుగా పెరగడం చూశాడు. ఆ ఆలోచనను ఏళ్ళ తరబడి మోసి, 1965లో నెగెవ్ ఎడారిలోని హత్జెరిమ్ కిబుట్జ్‌తో కలిసి డ్రిప్పు పైపులు చేసే నెటాఫిమ్ కంపెనీ పెట్టాడు. 1990లలో ఇజ్రాయెల్ పద్ధతి సేద్యాన్ని చిత్తూరు జిల్లా కుప్పంలో చూపించారు, 2003లో ఆంధ్రప్రదేశ్‌లో బిందు సేద్యం పథకం మొదలైంది. ఇప్పుడు మా మండలంలో కూరగాయల మడుల్లో కూడా నల్ల పైపులు పాకుతున్నాయి. ఒక కిబుట్జ్ పెట్టిన కంపెనీ నూరు దేశాల దాకా వెళ్ళింది. 2017లో దానిలో 80 శాతం వాటాను మెక్సికో కంపెనీ కొనుక్కుంది, మిగతా 20 శాతం హత్జెరిమ్ ఉంచుకుంది. పైపు వచ్చింది, దాన్ని చేసిన ఊరి పద్ధతి రాలేదు. పద్ధతి గురించి ఆలోచించినవాళ్ళు మన దగ్గర లేకపోలేదు. 1951లో పోచంపల్లిలో భూదానం మొదలై, అది గ్రామదానంగా మారినప్పుడు ముందుకు వచ్చిన ఊళ్ళలో ఎక్కువ మన పక్కనున్న కోరాపుట్ ఆదివాసీ ఊళ్ళే. ఆ ఉద్యమంలో ఉన్న జయప్రకాశ్ నారాయణ్ 1958లో ఇజ్రాయెల్ వెళ్ళి కిబుట్జ్‌లు చూసి వచ్చారు. ఊరి భూమి ఊరి పేరు మీద రాయించే ఆ ప్రయత్నం కాగితాల దగ్గరే చాలావరకు ఆగిపోయింది.

1980లలో కిబుట్జ్‌ల మీద అప్పుల దెబ్బ పడింది. ధరలు ఏడాదికి నాలుగైదు రెట్లు పెరుగుతున్న రోజుల్లో వాళ్ళు ఇష్టమొచ్చినట్టు అప్పులు చేసి ఇళ్ళు, ఫ్యాక్టరీలు కట్టారు. 1985లో ప్రభుత్వం ధరలను కట్టడి చేయగానే రూపాయి విలువ, అంటే వాళ్ళ షెకెల్ విలువ, నిలబడింది. దానితో అప్పూ నిలబడింది, వడ్డీ మింగేసింది. ఒకరి అప్పుకు ఒకరు హామీ పడ్డారు కాబట్టి బాగున్న ఊళ్ళు కూడా మునిగాయి. 1989లో ప్రభుత్వం, బ్యాంకులు, కిబుట్జ్‌లు కూర్చుని కొంత రద్దు, కొంత వాయిదా అని ఒప్పందం చేసుకున్నాయి. ఈసారి ప్రభుత్వంలో ఉన్నవాళ్ళంతా వాళ్ళ మనుషులు కారు, పాత ఓపిక లేదు. యువకులు వెళ్ళిపోవడం మొదలుపెట్టారు. ముందు వెళ్ళింది చదువుకున్నవాళ్ళే, ఎందుకంటే బయట జీతం ఎక్కువ వచ్చేది వాళ్ళకే. మిగిలినవాళ్ళు ముసలివాళ్ళు, వాళ్ళకు పింఛను నిధి కూడా లేదు. ఊరే పింఛను అనుకున్నారు మరి.

అప్పుడు ఒక్కో ముడీ విప్పారు. మొదట భోజనశాలలో తిండికి లెక్క కట్టారు. తర్వాత కరెంటుకు. తర్వాత ఎవరి జీతం వాళ్ళకు. 2007లో మొదటి కిబుట్జ్ దెగానియా కూడా పెద్ద మెజారిటీతో ఆ దారికి ఓటు వేసింది. పని ఎవరికి వాళ్ళు వెతుక్కోవాలి, సంపాదన వాళ్ళదే, వాడుకున్న దానికి డబ్బు కట్టాలి, ఇల్లు సొంతం చేసుకోవచ్చు. ఎక్కువ సంపాదించేవాళ్ళ దగ్గర ఎక్కువ పన్ను తీసుకుని, తక్కువ ఉన్నవాళ్ళకు, ముసలివాళ్ళకు కనీసం ఇంత అని అందేలా ఒక నిధి పెట్టుకున్నారు. ఇప్పుడు 270 దాకా ఉన్న కిబుట్జ్‌లలో నాలుగింట మూడు వంతులు ఇట్లాంటివే, పాత పద్ధతిలో ఉన్నవి తక్కువ. దేశ జనాభాలో కిబుట్జ్ వాళ్ళు నూటికి ఇద్దరికి మించరు, పంటలో మాత్రం మూడో వంతుకు పైగా వాళ్ళదే. కిబుట్జ్ చచ్చిపోయిందని కొందరు రాస్తారు. నాకలా అనిపించలేదు. ముసలివాణ్ణి వదలకుండా పెట్టె తెరిచారు, అది చిన్న సంగతి కాదు. 97 ఏళ్ళు ఒకే పెట్టె నడిపారు. మా మండలంలో పొదుపు సంఘం రెండేళ్ళు నడిస్తే గొప్ప.

మా తమ్ముడు ఇదంతా విని, "మరి నేల అమ్మిన్రా?" అని అడిగాడు. అమ్మలేదు. ఇళ్ళ మాట వేరు, పొలం ఇంకా ఊరి కౌలు మీదే ఉంది. వాడికి పట్టా వచ్చినప్పటి నుంచి మైదానం నుంచి వచ్చిన ఒకతను మోటారు సైకిలు మీద రెండు మూడు సార్లు ఇంటికి వచ్చి పోయాడు. కాగితం నీ పేరు మీదే ఉంటది, దున్నేది మాత్రం నేను అంటాడట. వాడు ఇంకా ఏమీ అనలేదు. నేను ఊరుమ్మడి హక్కు పత్రం గురించి అడిగితే, అడవికి అది సరే, చెలకకు వద్దు అక్కా అన్నాడు. ఈ విషయం మీద మా ఇద్దరికీ ఇంకా తెగలేదు.

పద్దులో రాయని బాకీ ఒకటి ఉంది. లెబనాన్ సరిహద్దు దగ్గర కఫ్ర్ బిర్ఇమ్ అనే ఊరు ఉండేది. వెయ్యి మంది దాకా అరబ్బు క్రైస్తవులు. యుద్ధంలో ఇజ్రాయెల్ సైన్యానికి ఎదురు తిరగలేదు. 1948 నవంబరులో, కొన్నాళ్ళు పక్కకు వెళ్ళండి, మళ్ళీ రావచ్చు అని సైన్యం ఖాళీ చేయించింది. 1949లో వాళ్ళ భూమిలో బర్ఆమ్ అనే కిబుట్జ్ పెట్టారు. ఊరివాళ్ళు కోర్టుకు వెళ్ళారు. 1953లో విమానాలతో ఇళ్ళ మీద బాంబులు వేశారు. చర్చి మిగిలింది. ఆ ఊరివాళ్ళు ఆ దేశ పౌరులే, చుట్టుపక్కల ఊళ్ళలోనే ఉంటున్నారు, తిరిగి రానివ్వమని ఇప్పటికీ అడుగుతున్నారు. పండుగలకు ఆ చర్చికి వస్తారు. చనిపోయినవాళ్ళను తెచ్చి పాత శ్మశానంలోనే పూడుస్తారు. పక్కనే కిబుట్జ్ వాళ్ళ ఆపిల్ తోటలు.